తిరుమలదేవి: శ్రీరంగపట్టణపు ఆడపడుచు

పోయిన మాసమున తొమ్మిదవ తరగతిలో నంది తిమ్మనగారి పారిజాతాపహరణమును గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలోని బాలిక యొకతె లేచి నిలువబడి యొక ప్రశ్న వేసెను. రాణిగారు నిజముగా రాజుగారి చిత్రపటము వైపు కాళ్లు చాచి పండుకొనెనా? అంతమాత్రమునకే ఆయనకు అంత కోపము వచ్చెనా? తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వి, "అది పెద్దలు చెప్పుకొను కథ" అని పలికి పాఠమును ముందునకు నడిపితిని. ఇల్లు చేరిన పిదప ఆ సమాధానము నాకే తృప్తి నీయలేదు. అది కథయైనచో నిజమేది? ఆ రాణి యెవరు? ఎచ్చట పుట్టెను, ఎట్లు బ్రదికెను? కాళ్లు చాచి నిద్రించుట తప్ప ఆమె చేసిన పని వేఱొకటి లేదా? పదునెన్మిదేండ్లుగా ఈ పాఠము చెప్పుచున్నాను. ఒక్క పర్యాయమైనను నేను ఆ ప్రశ్న వేసికొనలేదు. ఆ బాలికకు నేను పడిన బాకీ తీర్చుటకే యీ వ్యాసము.

ఆ రాణి పేరు తిరుమలదేవి. విజయనగర సామ్రాజ్యమును 1509 మొదలు 1529 వఱకు ఏలిన శ్రీకృష్ణదేవరాయల పట్టమహిషి. ఆమె పుట్టినిల్లు శ్రీరంగపట్టణము. అది మన బళేపేటకు సుమారు నూట పాతిక కిలోమీటర్ల దూరమున నున్నది. మైసూరు రైలెక్కినవారు కావేరిని దాటునపుడు చూచు ఊరే. ఆమె రాణిగా నున్న దినములలో మన పేట లేదు. కెంపేగౌడ ప్రభువు బెంగళూరు కోటను, పేటలను కట్టింప నారంభించినది 1537లో. అప్పటికి రాయలు గతించి ఎనిమిదేండ్లు. అయినను ఆమెను మన పొరుగింటి ఆడపడుచు అనుటలో తప్పు లేదు.

చక్రవర్తుల భార్యల జీవితములను తెలిసికొనుట అన్ని దేశములందును ఒక్క తీరున నుండదు. చైనాలో ఒక రాజవంశము పోయి మఱియొకటి వచ్చినపుడు, క్రొత్త వంశమువారు పాత వంశపు చరిత్రను పండితులచేత వ్రాయించెడివారు. అందులో పట్టమహిషులకు ప్రత్యేకముగా అధ్యాయము లుండెడివి. ఏ సామ్రాజ్ఞి ఎవరి కూతురు, ఎన్నడు పట్టము పొందెను, ఎన్నడు కన్నుమూసెను అను సంగతులన్నియు అందు దొరకును. మన విజయనగరమున అట్టి ఆనవాయితీ లేదు. తిరుమలదేవిని చూడగోరువారు కొంత కావ్యములవెంట, కొంత పరదేశీయుల వ్రాతలవెంట, కొంత గుడిగోడలవెంట నడువవలసియున్నది. నడచినచో ఒక్కొక్కచోట ఒక్కొక్క తిరుమలదేవి కనబడును.

మొదట కావ్యము. పూర్వము కూతురును అత్తవారింటికి పంపునపుడు తల్లిదండ్రులు ఆమెతోబాటు ఆవులను, నగలను, దాసీజనమును కానుకగా నిచ్చెడివారు. దానిని అరణము అందురు. తిరుమలదేవికి అరణముగా పుట్టినింటివారు ఒక కవినే యిచ్చిరనియు, ఆ కవియే నంది తిమ్మన యనియు పెద్దలు చెప్పుదురు. తరువాతి కథ మీరు విన్నదే. ఒక రాత్రి రాణి రాయల చిత్రపటము వైపు పాదము లుంచి నిద్రించెననియు, అది చూచిన రాయలు అలిగి ఆమె మందిరమునకు వచ్చుట మానెననియు, పుట్టినింటి కవి ఆమె దుఃఖమును చూడలేక పారిజాతాపహరణము వ్రాసెననియు చెప్పుదురు. కావ్యములో నారదుడు తెచ్చిన పారిజాత పుష్పమును శ్రీకృష్ణుడు రుక్మిణికిచ్చును. సత్యభామ అలుగును. ఆమెను ఊరడింప వంగిన స్వామి శిరస్సును ఆమె యెడమకాలితో తన్నును. ఆయన కోపింపకపోగా అది తనకు మన్నన యనును. దీనిని విన్న రాయలు సిగ్గుపడి రాణియొద్దకు పోయెనట.

కథ మధురముగా నున్నది. నాకును ఇష్టమే. కాని దీనిని చరిత్రగా చెప్పుట కిప్పుడు మనసొప్పదు. ఐదాశ్వాసముల ఆ కావ్యము రాయలకే అంకితమైనది. రాజదంపతుల కలహమును మాన్పుటకై వ్రాసితినని కవి అందులో చెప్పుకొనలేదు. ఆనాటి శాసనములలో గాని, విజయనగరమును కన్నులార చూచిన పోర్చుగీసువారి వ్రాతలలో గాని ఆ కలహపు ఊసు లేదు. కావ్యమును చదివి ముచ్చటపడిన వారెవరో దానికొక పుట్టుక కథ అల్లియుందురు. అల్లుటలో దోషము లేదు. అయితే ఆ అల్లికలో రాణి చేసిన పని ఒక్కటే, నిద్రలో తప్పు చేయుట. మిగిలినదంతయు కవిగారి ప్రజ్ఞ, రాయలవారి ఔదార్యము.

ఒక్క మాట మాత్రము ఆ కథనుండి నిలుపుకొనదగినది. కన్నడదేశపు నడిబొడ్డున నున్న శ్రీరంగపట్టణపు పడుచు పేరు తెలుగు కావ్యమొకదానితో ముడివడినది. ఆమె భర్తయో, తన ఆముక్తమాల్యదలో ఆంధ్రమహావిష్ణువు చేత తన్ను కన్నడరాయడని పిలిపించుకొని, ఆ గ్రంథమును తెలుగున వ్రాసెను. బంధువులు వచ్చి, ఇచ్చట నుండి పిల్లలకు తెలుగు చదువేల యని యడుగునపుడు మన తల్లిదండ్రులు నొచ్చుకొనుట నేనెఱుగుదును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట నా పని కాదు గాని, ఐదువందల యేండ్ల క్రిందట హంపీ నగరిలో దానిని ఎవ్వరును అడిగియుండరు.

ఇక పరదేశీయుల వ్రాతలు. డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వ్రాసికొనెను. అతని వ్రాతను, పిమ్మట వచ్చిన గుఱ్ఱముల వర్తకుడు ఫెర్నావ్ న్యూనిజ్ వ్రాతను, రాబర్టు సూయెల్ అను దొర ఆంగ్లమునకు మార్చి 1900లో ప్రకటించెను. రాయలకు పండ్రెండుగురు ధర్మపత్నులనియు, అందు ముగ్గురు ముఖ్యులనియు, ఆ ముగ్గురి కుమారులే రాజ్యమునకు అర్హులనియు పేస్ చెప్పెను. ఒకతె ఓఢ్రరాజు కూతురు. ఒకతె రాయలు యౌవనమున ప్రేమించి, రాజైన పిదప మాట నిలుపుకొని పెండ్లాడిన వనిత. ఈమెయే చిన్నాదేవి యని చరిత్రకారులు తలచుదురు. మఱియొకతె సామంతుడగు శ్రీరంగపట్టణపు రాజు కూతురు. ఈమెయే మన తిరుమలదేవి.

ఆమె దినచర్యను ఊహించుటకు పేస్ వ్రాత ఎంతయో తోడ్పడును. ముగ్గురు రాణులకును వేర్వేఱు మందిరములు. ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ లేకుండ ముగ్గురికిని సమానమైన మర్యాద, సమానమైన పరివారము. వారిలో వారికి కలతలు కలుగరాదని ఆ యేర్పాటు. వారు చెలిమితో నుండిరని కూడ అతడు వ్రాసెను. అది చూచిన మాటయా, విన్న మాటయా అని మనము సందేహింపవచ్చును. మందిరములోనికి అతనిని రానిచ్చినవారెవరు? ఒక్కొక్క రాణికి స్వంత ధనాగారము కలదు. చెలికత్తెలు, పడకటింటి పరిచారికలు, కావలి స్త్రీలు వేఱుగా గలరు. రాణివాసమున కత్తియు డాలును పట్టు స్త్రీలుండిరి, కుస్తీ పట్టు స్త్రీలుండిరి, బాకాలూదు స్త్రీలుండిరి. మొత్తము అంతఃపురమున పండ్రెండువేల మంది స్త్రీలని అతనికెవరో చెప్పిరి. ఆ లెక్క విన్నవారు కొంచెము తగ్గించుకొనవలెను.

రాజు ఏకాంతముగా వేఱొకచోట నుండును. రాణిని చూడదలచినపుడు ఒక నపుంసక సేవకుని పంపును. అతడు లోనికి పోరాదు. వాకిట నున్న కావలి స్త్రీలకు చెప్పును. వారు లోపలికి కబురు చేయుదురు. రాణి చెలికత్తెలలో ఒకతె బయటికి వచ్చి సంగతి తెలిసికొని పోవును. ఆ తరువాతనే రాణి రాజునొద్దకు పోవుటయో, రాజు రాణి మందిరమునకు వచ్చుటయో జరుగును. ఒక్క మాట చేరుటకు ఎన్ని గడపలు దాటవలెనో చూడుడు! బయటికి పోవలసివచ్చినపుడు నలువైపుల మూసి బిగించిన పల్లకిలో పోవుదురు. దారిన నిలుచున్నవారికి పల్లకి కనబడును, రాణి కనబడదు.

మహానవమి ఉత్సవముల నాడు మాత్రము ఆ మందిరముల వైభవము కొంత బయటపడెడిది. రాణుల చెలికత్తెలు, పదునాఱు మొదలు ఇరువది యేండ్ల ప్రాయమువారు, బంగారు పాత్రలు చేతబట్టి సభలో బారులు తీరి నడచెడివారు. కడియములు, ముత్యాల పేరులు, రత్నాల నడుముపట్టీలు ఎంత బరువనగా, కొందఱు తమ చేతులను తామెత్తలేక ప్రక్కన నడచు స్త్రీల సాయముతో సాగెడివారట. ఒక్కొక్కనాడు ఒక్కొక్క రాణి వంతుగా తన చెలికత్తెలను పంపెడిది. తిరుమలదేవి వంతు వచ్చిననాడు ఆమె చెలికత్తెలను చూచి, ఇది శ్రీరంగపట్టణపు రాణి వైభవమని జనులు చెప్పుకొనియుందురు. ఆమెను చూచినవారు మాత్రము లేరు.

ఇట్లు నగరిలో ఎవరికంటను పడని రాణి పేరు, ఊరూర గుడిగోడలపై అందఱును చదువునట్లు చెక్కబడియున్నది. నా దృష్టిలో ఈ వ్యాసమునకు ప్రాణమిదియే.

1513 ఫిబ్రవరిలో రాయలు మొదటి పర్యాయము తిరుమలకు పోయినపుడు రాణులిద్దఱు వెంటనుండిరి. రాయలు స్వామికి రత్నకిరీట మర్పించెను. తిరుమలదేవియు చిన్నాదేవియు చెఱియొక బంగారు గిన్నె సమర్పించిరి. స్వామికి పాలు ఆరగింపు చేయుటకై. కిరీటము మహారాజు కానుక. పాలగిన్నె ఇల్లాలి కానుక. ఇది నా మాట, శాసనములో లేదు. శాసనములో నున్నది వారి పేర్లు, వారి దానము. రాజుగారి దానములో అణగిపోక, రాణుల దానము వేఱుగా, వారివారి పేర వ్రాయబడినది.

తరువాత రాయలు గజపతిపై దండెత్తి 1515లో కొండవీటి దుర్గమును జయించెను. ఆ విజయము పిమ్మట కృష్ణాతీరమున అమరావతిలో అమరేశ్వరుని సన్నిధిని తులాపురుష దానము చేసెను. తనతో సరితూగు బంగారమును దానమిచ్చుట తులాపురుషము. ఆ సమయమున రాణులు రత్నధేనువు, సప్తసాగరము అను మహాదానములను చేసిరి. రత్నధేనువనగా రత్నములతో గోవు రూపమును కూర్చి యిచ్చుట. సప్తసాగరమనగా ఏడు కుండములను ఉప్పు, పాలు, నేయి మొదలగు వానితో నింపి, ఏడు సముద్రములుగా భావించి యిచ్చుట. ఇవి షోడశ మహాదానములలోనివి. అదే సంవత్సరమున అహోబిల నరసింహునికి రాయలు హారమును, వజ్రపతకమును, పళ్లెమును, వేయి వరహాలను ఇచ్చినపుడు రాణియు తన వంతుగా ఒక పతకమిచ్చెను. 1521లో రాయలు కడపటి పర్యాయము తిరుమలకు పోయెను. అప్పుడును తిరుమలదేవి వెంటనుండి స్వామికి నవరత్న పతకమును సమర్పించెను.

యుద్ధయాత్రలలో, తీర్థయాత్రలలో ఆమె ఎంత దూరము తిరిగెనో చూచితిరా? హంపీనుండి తిరుమల, అచ్చటినుండి కృష్ణాతీరము, నల్లమల కొండలు. రోడ్లు లేవు, పల్లకి తప్ప వాహనము లేదు. మూసిన పల్లకిలో నుండి ఆమె చూచిన తెలుగుదేశమెంతయో మనకు తెలియదు గాని, ఆమె దానములను చూచిన తెలుగుదేశము నేటికిని ఉన్నది.

నేను తిరుపతిలో తెలుగు పండిత శిక్షణ పొందిన దినములలో, సెలవునాడు కొండకు నడచిపోయెడివాడను. మహాద్వారము దాటగానే కుడిచేతి మండపమున రాగితో చేసిన మూడు విగ్రహములున్నవి. నడుమ రాయలు, ఇరువైపుల రాణులు. ముగ్గురును చేతులు జోడించి స్వామివైపు తిరిగి నిలుచుండిరి. భుజములపై వారివారి పేర్లు చెక్కబడియున్నవి. జనసమ్మర్దములో త్రోపుళ్లు తినుచు నేను మొదటిసారి ఆ అక్షరములను కూడబలుకుకొంటిని. ఆనాటి లిపి తెలుగనిన తెలుగు, కన్నడమనిన కన్నడము. మన పిల్లలు రెండు లిపులను చదువగలరు గనుక వారికి నాకంటె సులువు. మీరు ఈ మాఱు కొండకు పోయినపుడు, గుంపు మిమ్ములను నెట్టివేయుటకు ముందు ఆ మూడు పేర్లను చదువ ప్రయత్నింపుడు. రాయల వంటి మేటిని శిల్పి అలంకరించియుండుట వింత కాదు. రాణులిద్దఱి ముఖములు కూడ వేర్వేఱుగా మలచి, పేర్లు వ్రాసి, కలకాలము సన్నిధిలో నిలిపిరి. మూసిన పల్లకి యిచ్చట తెఱువబడినది.

ఇంక చెప్పవలసినది దుఃఖభాగము. తిరుమలదేవికి ఒక కుమారుడు కలిగెను. అతనికి తిరుమలరాయడని పేరు పెట్టిరి. 1524లో, ఆ బాలునికి ఆఱేండ్ల వయస్సున, రాయలు తాను బ్రదికియుండగనే అతనికి పట్టము కట్టెను. తాను సింహాసనము దిగి, కుమారునికి మంత్రివలె ప్రక్కన నిలిచెనని న్యూనిజ్ వ్రాసెను. పట్టాభిషేక సంబరములు ఎనిమిది నెలలు సాగినవట. ఆ సంబరములలోనే బాలునికి జబ్బు చేసెను. మరణించెను. మహామంత్రి తిమ్మరుసు కుమారుడు విషము పెట్టెనని రాయలు నమ్మెననియు, తనను పెంచి పెద్దచేసిన తిమ్మరుసును కుమారులతో సహా చెఱసాలలో వేయించి కన్నులు తీయించెననియు న్యూనిజ్ కథనము. అతడు సుమారు పదేండ్ల తరువాత విన్న మాటలను వ్రాసెనని మీరు మఱువకూడదు. నిజముగా విషమో, సామాన్యమైన జ్వరమో చెప్పగల వైద్యుడు ఆ వ్రాతలో లేడు.

ఆ సంఘటనను చరిత్ర పుస్తకములు తండ్రి కోపముగా, మంత్రి పతనముగా చెప్పును. నాటకములు, చలనచిత్రములు కూడ అప్పాజీ కన్నులకై కన్నీరు కార్చినవి. తల్లి యేమయ్యెనో అడిగినవారు తక్కువ. న్యూనిజ్ వ్రాతలో ఆమెకు ఒక్క పంక్తియైనను లేదు. ఎనిమిది నెలలు ఇంట పండుగ సాగుచుండగా, ఆఱేండ్ల బిడ్డకు ఒడలు కాలుచుండగా, ఆ మందిరపు గడపలు దాటి ఎవరి మాట యెవరికి చేరెనో?

ఇంచుమించు అదే కాలమున చైనాలో మింగు వంశపు పట్టమహిషి యొకతెకు ఇట్టి కష్టమే వచ్చెను. ఆమె జాంగ్ సామ్రాజ్ఞి. భర్త హొంగ్‌జి చక్రవర్తి వేఱు భార్యలను కోరక ఆమె నొక్కతెనే చేపట్టినవాడు. చైనా చక్రవర్తులలో ఇది బహు అరుదు. అతడు 1505లో మరణింపగా కుమారుడు రాజయ్యెను. ఆ కుమారుడును సంతానము లేకయే 1521లో, తిరుమలదేవి నవరత్న పతకమిచ్చిన సంవత్సరముననే, మరణించెను. సింహాసనమెక్కిన జ్ఞాతి ఆమెను తల్లిగా మన్నింపలేదు. ఆమె సోదరులు చెఱసాల పాలైరి. 1541లో ఆమె కన్నుమూసెను. అక్కడ ఆస్థాన పండితులు ఇదంతయు వ్రాసిపెట్టిరి గనుక మనకు తెలిసినది. సామ్రాజ్ఞి గౌరవమంతయు భర్త, కొడుకు అను రెండు దీపముల వెలుగని ఆ వ్రాత చూపుచున్నది. తిరుమలదేవికి 1524లో ఒక దీపమాఱెను, 1529లో రెండవది. రాయల తరువాత రాజ్యము ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలకు పోయెను. పిదప రాయల కూతురు తిరుమలాంబను పెండ్లాడిన రామరాయలు రాజ్యము నడిపి 1565లో యుద్ధమున కూలెను. అతనిని తెలుగువారును అళియ రామరాయలనియే అందురు. అళియ యనగా కన్నడమున అల్లుడు; ఆ మాట అర్థము తెలియక అది యింటిపేరనుకొను విద్యార్థులను నేను ఆంధ్రదేశమున చూచితిని. మన బళేపేట పిల్లలకు ఆ పొరపాటు రాదు.

హొసపేటనుండి కమలాపురము పోవు దారిలో, ఊరికి కొంచెము దూరమున, అనంతశయనగుడి యను పల్లె కలదు. 1524లో రాయలు తన కుమారుని పేర అచ్చట ఒక పురము కట్టించి, దానికి సాలె తిరుమల మహారాయపురమని పేరు పెట్టి, అనంతపద్మనాభస్వామికి ఆలయమెత్తించెను. ఆఱేండ్ల పిల్లవానికి పేరులో మహారాయ! ఆలయపు శిఖరము మామూలు గుడి శిఖరమువలె కూచిగా నుండదు. శయనించిన స్వామికి తగినట్లు గర్భగుడి పొడుగుగా నుండుటచే, దానిపై శిఖరమును పొడవుగా, వంపు కప్పుతో ఎత్తుగా కట్టిరి. దూరమునుండియే కనబడును. హంపీ చూడబోవు బస్సులు తఱచుగా అక్కడ ఆగవు. గర్భగుడిలో స్వామి విగ్రహము లేదు. పొడవైన రాతి పీఠము మాత్రము ఖాళీగా నున్నది.